మన ఊళ్ళ పటం, మన అమ్మకం

(నాయుడుపేట పొదుపు సంఘాల మహిళలతో మాట్లాడిన మాటలు)



మీలో చాలామంది చిన్న వ్యాపారం చేస్తున్నారు. కొందరు అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతారు. కొందరు కారప్పొడి, పసుపు, పచ్చళ్ళు అమ్ముతారు. కొందరు సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి ఎండు చేపలు తెచ్చి, గంపలో పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. చీరలు, సబ్బులు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

సరుకు చేయడం మీకు వచ్చు. ధర చెప్పడం వచ్చు. డబ్బు లెక్క ఇప్పుడు మీరే రాసుకుంటున్నారు. మరి ఏ ఊరికి ఎవరు పోవాలి? ఏ రోజు పోవాలి? ఈ సంగతి చాలా సంఘాల్లో రాసి ఉండదు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఒకే వీధిలో ఇద్దరు

ఒక సంఘంలో నలుగురు అమ్మకానికి పోతారు అనుకోండి. సోమవారం పొద్దున ఒక అక్క బస్సు దిగి ఒక ఊళ్ళోకి పోయింది. అదే రోజు ఇంకో అక్క ఇంకో దారిన అదే ఊరికి వచ్చింది. ఇద్దరి దగ్గరా ఉండేది ఒకటే సరుకు. కొనే ఆవిడ ఏమంటుంది? "ఆమె పది తగ్గించింది. నువ్వు పదిహేను తగ్గించు" అంటుంది. ఇద్దరూ తగ్గిస్తారు. ఇద్దరికీ లాభం పోతుంది.

సాయంత్రం మీటింగులో మాటా మాటా పెరుగుతుంది. "నా ఊరికి నువ్వెందుకు వచ్చినావు?" అని ఒకరు. "అది నీ ఊరని యాడ రాసి ఉండాది?" అని ఇంకొకరు.

నిజమే. ఎక్కడా రాసి లేదు.

అదే రోజు ఇంకో మూడు ఊళ్ళకు ఎవరూ పోలేదు. అక్కడ కొనేవాళ్ళు ఉన్నారు. అమ్మేవాళ్ళు లేరు.

ఇది చిన్న విషయం కాదు. ఆ సరుకు బ్యాంకు అప్పుతో చేసింది. అమ్ముడుపోక మిగిలితే వడ్డీ ఆగదు. కంతు ఆగదు. ఒకరు కట్టకపోతే సంఘం అంతా కట్టాలి. ఇలా సరుకు దగ్గర మొదలైన తగాదా సంఘాన్నే చీలుస్తుంది. ఇందులో ఎవరి గుణమూ చెడ్డది కాదు. పొలాల మధ్య గట్టు లేకపోతే అన్నదమ్ములైనా పోట్లాడుకుంటారు. మన అమ్మకాలకు కూడా గట్టు కావాలి.

ఇలా పంచుకున్న ఊళ్ళను వ్యాపారం చేసేవాళ్ళు "ఏరియా" అంటారు. సరుకు బండివాళ్ళు "లైను" అంటారు. పేరు ఏదైనా అర్థం ఒకటే. ఈ ఊళ్ళ బాధ్యత ఈ మనిషిది.

పోస్టాఫీసు చేసిన పని

ఊళ్ళను ఇలా పంచడం కొత్త సంగతి కాదు. మీ ఇంటికి వచ్చే ఉత్తరం మీద పిన్ కోడు ఉంటుంది. అది ఆరు అంకెల నంబరు. మన నాయుడుపేటది 524126. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్ కోడు వచ్చింది. ఉత్తరాలు తేలికగా పంచడానికి పోస్టాఫీసు వాళ్ళు దేశాన్ని భాగాలు చేశారు. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. తర్వాతి అంకెలు ఇంకా చిన్న భాగాన్ని చూపిస్తాయి. చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. నాయుడుపేట చాలా కాలం నెల్లూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు తిరుపతి జిల్లాలో కలిసింది. కానీ పిన్ కోడు మారలేదు. ఎందుకు? జిల్లా గీత ప్రభుత్వ పాలన కోసం గీసింది. పిన్ కోడు గీత ఉత్తరాల కోసం గీసింది. ఏ పనికి ఆ గీత. కాబట్టి మన అమ్మకం గీత కూడా మన పనికి తగ్గట్టు ఉండాలి. మండలం గీతను ఉన్నది ఉన్నట్టు తీసుకోనవసరం లేదు. పక్క మండలం ఊరు మనకు దగ్గరైతే అది మన ఏరియాలోకి రావచ్చు.

పెద్ద కంపెనీలు కూడా ఇదే పని చేస్తాయి. 2000-2001 ప్రాంతంలో హిందుస్తాన్ లీవర్ కంపెనీ నల్లగొండ జిల్లాలో "శక్తి" అనే పథకం మొదలుపెట్టింది. మొదట 50 ఊళ్ళలో చేసి చూసింది. 2,000 మంది కన్నా తక్కువ జనం ఉండే చిన్న ఊళ్ళకు కంపెనీ బండ్లు పోవడం లేదు. పోతే ఖర్చు గిట్టదు. అందుకని పొదుపు సంఘాల మహిళలకే సబ్బులు, పొడులు ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్ళు అప్పగించింది. తర్వాత ఈ పథకం చాలా రాష్ట్రాలకు పోయింది.

దీనివల్ల మనకు తెలిసేది ఏమిటి? చిన్న ఊళ్ళ దారులు తెలిసినవాళ్ళు మీరే. ఆ తెలివికి విలువ ఉంది. ఆ విలువను పెద్ద కంపెనీ కూడా గుర్తించింది.

మూడేసి ఊళ్ళు పంచితే సమానమా?

ఇప్పుడు లెక్క చేద్దాం. పలక, బలపం తీసుకోండి.

నలుగురు ఉన్నారు. పన్నెండు ఊళ్ళు ఉన్నాయి. తలా మూడు ఊళ్ళు పంచుకుంటే సరిపోయింది కదా అంటారు. ఆగండి. కాలువ మొదట్లో ఎకరం, కాలువ చివర ఎకరం ఒకటేనా? కాదు. ఒకదానికి నీళ్ళు ముందు అందుతాయి. ఇంకోదానికి అందవు. ఊళ్ళు కూడా అంతే.

మొదటి ఆమెకు వచ్చిన మూడు ఊళ్ళూ పెద్ద రోడ్డు మీద ఉన్నాయి. ఆ ఊళ్ళలో 360, 180, 60 ఇళ్ళు ఉన్నాయి. మొత్తం 600 ఇళ్ళు.

రెండో ఆమెవి కూడా రోడ్డు ఊళ్ళే. మొత్తం 360 ఇళ్ళు.

మూడో ఆమెవి లోపలి ఊళ్ళు. మొత్తం 150 ఇళ్ళు.

నాలుగో ఆమెవి ఇంకా లోపలి ఊళ్ళు. మొత్తం 90 ఇళ్ళు.

రోడ్డు మీది ఊళ్ళో ఒక రోజుకు 60 ఇళ్ళు తిరగవచ్చు అనుకుందాం. లోపలి ఊళ్ళో 30 ఇళ్ళే తిరగగలం. సగం పొద్దు నడకకే పోతుంది.

ఇప్పుడు పని రోజులు చూడండి.

మొదటి ఆమెకు 600 ఇళ్ళు. రోజుకు 60. అంటే 10 రోజులు.
రెండో ఆమెకు 360 ఇళ్ళు. రోజుకు 60. అంటే 6 రోజులు.
మూడో ఆమెకు 150 ఇళ్ళు. రోజుకు 30. అంటే 5 రోజులు.
నాలుగో ఆమెకు 90 ఇళ్ళు. రోజుకు 30. అంటే 3 రోజులు.

అన్నీ కలిపితే 24 రోజులు. నలుగురికి పంచితే తలా 6 రోజులు రావాలి. కానీ ఒకామెకు 10 రోజులు పడింది. ఇంకొకామెకు 3 రోజులే పడింది. మొదటి ఆమె అన్ని ఇళ్ళకూ పోలేదు. కొన్ని ఇళ్ళు వదిలేస్తుంది. నాలుగో ఆమెకు పని చాలదు. ఆమె ఇంకొకరి ఊరికి పోతుంది. తగాదా అక్కడే పుడుతుంది.

మరి ఏం చేద్దాం? మొదటి ఆమె దగ్గర 60 ఇళ్ళ ఊరు ఒకటి ఉంది. అది మూడో ఆమె పోయే దారిలోనే ఉంది. ఆమెకు ఇద్దాం. ఆమెకు 6 రోజులు అవుతుంది. 180 ఇళ్ళ ఊరు నాలుగో ఆమె బస్సు దిగే చోటు. ఆమెకు ఇద్దాం. అది 3 రోజుల పని. ఆమెకూ 6 రోజులు అవుతుంది. మొదటి ఆమెకు 360 ఇళ్ళు మిగిలాయి. ఆమెకూ 6 రోజులే.

ఇప్పుడు మొదటి ఆమెకు ఒకే ఊరు. రెండో ఆమెకు మూడు ఊళ్ళు. మిగతా ఇద్దరికీ నాలుగేసి ఊళ్ళు. ఊళ్ళు సమానంగా లేవు. పని మాత్రం సమానం అయింది.

ఇంకో మాట కూడా ఉంది. మూడో ఆమెకు ఉన్నవి 210 ఇళ్ళే. అంతే కష్టపడినా అమ్మకం తక్కువ కావచ్చు. పైగా ఆటో ఖర్చు ఎక్కువ. పటం దీన్ని సరిచేయలేదు. మనమే సరిచేయాలి. లోపలి ఊళ్ళకు పోయే ఆమె ఆటో ఖర్చు సంఘం పెట్టుకోవచ్చు. లేదా ఆరు నెలలకు ఒకసారి ఏరియాలు మార్చుకోవచ్చు. ఏది చేసినా ముందే మాట్లాడుకొని రాసుకోవాలి.

ముగ్గు పిండితో పటం

పటం గీయడానికి ముందు కాగితం కూడా అక్కర్లేదు. ముగ్గు పిండి చాలు. సంఘం మీటింగు జరిగే చోట నేల ఊడ్చండి. మధ్యలో నాయుడుపేట పెట్టండి. ఉత్తరం వైపు గూడూరు, నెల్లూరు పోయే పెద్ద రోడ్డు గీయండి. దక్షిణం వైపు సూళ్ళూరుపేట, చెన్నై పోయే రోడ్డు గీయండి. పడమర వైపు శ్రీకాళహస్తి, తిరుపతి పోయే రోడ్డు గీయండి. వెంకటగిరి రోడ్డు, మల్లాం రోడ్డు గీయండి. రైలు పట్టా గీయండి. స్వర్ణముఖి నది గీయండి.

తర్వాత ఒక్కో ఊరికి ఒక చింత గింజ పెట్టండి. పెద్ద ఊరికి రెండు గింజలు. తర్వాత ఎవరు ఏ ఊరికి పోతున్నారో ఆ ఊరి మీద వాళ్ళ గుర్తు పెట్టండి. ఒకరు పసుపు. ఒకరు కుంకుమ. ఒకరు ఆకు. ఒకరు బొగ్గు. అప్పుడు అందరికీ ఒక్క చూపులో తెలుస్తుంది. ఏ ఊరి మీద రెండు గుర్తులు ఉన్నాయి? ఏ ఊరి మీద ఒక్క గుర్తూ లేదు?

గుర్తు లేని ఊళ్ళను బాగా చూడండి. అవి చాలాసార్లు ఊరి చివర ఉండే కాలనీలు. గిరిజన కాలనీ కావచ్చు. దళితవాడ కావచ్చు. "అక్కడ ఎవరు కొంటారులే" అని ముందే అనుకొని పోము. పోయి అడిగితే కదా తెలిసేది! వాళ్ళూ వండుకుంటారు. వాళ్ళకూ కారం, పసుపు కావాలి. ఆ కాలనీ నుంచే ఒక అక్క మన అమ్మకంలోకి వస్తే ఇంకా మంచిది.

ఫోనులో, కంప్యూటరులో పటం

నేల మీది ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. కంప్యూటరులో పటం చెరగదు. పటాలు గీసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. మందుల కంపెనీలు, సబ్బుల కంపెనీలు వీటితోనే మనుషులకు ఏరియాలు పంచుతాయి. డబ్బు కట్టకుండా వాడుకోగలిగినవి కూడా ఉన్నాయి. గూగుల్ వాళ్ళ "మై మ్యాప్స్" అలాంటిదే. చదువుకునే మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుంటే చేయవచ్చు.

అది పని చేసే తీరు వినండి.

మొదట ఒక పట్టిక రాయాలి. ఒక్కో వరసలో ఒక్కో ఊరు. ఊరి పేరు, మండలం, ఇళ్ళు ఎన్ని, పోయిన నెల అమ్మకం ఎంత, ఎవరు పోతారు. ఇది మీరు నోటు పుస్తకంలో రాసే పట్టికే.

ఆ పట్టికను కంప్యూటరుకు ఇస్తే అది ఒక్కో ఊరికి పటం మీద ఒక చుక్క పెడుతుంది. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఇస్తుంది. ఒకే రంగు చుక్కల చుట్టూ మనం గీత గీస్తే అది ఆమె ఏరియా.

ఏరియాలు పంచడానికే చేసిన పెద్ద ప్రోగ్రాములు ఇంకో పని కూడా చేస్తాయి. ఏ రంగులో ఎన్ని ఇళ్ళు, ఎంత అమ్మకం అని కూడి చెబుతాయి. ఒక ఊరిని పసుపు నుంచి ఎరుపుకు మార్చితే రెండు లెక్కలూ వెంటనే మారతాయి. ఇందాక మనం పలక మీద చేసిన పని అదే. బలపంతో చేసినా, కంప్యూటరుతో చేసినా లెక్క ఒకటే. ఊళ్ళు వందలు ఉంటే కంప్యూటరు తొందరగా చేస్తుంది.

ఫోనుకు మనం ఉన్న చోటు ఎలా తెలుస్తుంది? ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల వల్ల. సూళ్ళూరుపేట దగ్గర శ్రీహరికోట మనకు తెలిసిందే. రాకెట్టు పోతుంటే మనం మిద్దె ఎక్కి చూస్తాం. 2013 జూలై 1న అక్కడి నుంచే ఒక ఉపగ్రహాన్ని పంపారు. దారి, చోటు చూపించడానికి మన దేశం పంపిన ఉపగ్రహాల వరసలో అది మొదటిది. ఆ వరసకు నావిక్ అని పేరు పెట్టారు. మన పక్క నుంచి పోయిన రాకెట్టు పని మన గంపకు కూడా ఉపయోగపడాలి కదా!

కంప్యూటరుకు తెలియనివి

కంప్యూటరు గీసిన గీతను కళ్ళు మూసుకొని నమ్మకూడదు. దానికి కొన్ని తెలియవు.

ఒకటి. నది. పటం మీద రెండు ఊళ్ళు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో స్వర్ణముఖి ఉంటుంది. ఎండాకాలం ఇసుకలో నడిచిపోతాం. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు నది నిండితే చుట్టూ తిరిగి పోవాలి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి గాలి దూరం చూడకండి. దారి దూరం చూడండి. వానాకాలానికి వేరే పటం గీసుకున్నా తప్పులేదు.

రెండు. ఇంట్లో మనిషి ఉండే వేళ. మేనకూరు వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి. పనికి పోయే ఆడవాళ్ళ ఇంటికి పగలు పోతే తాళం కనబడుతుంది. సాయంత్రమో, ఆదివారమో పోవాలి. నాట్లప్పుడు, కోతలప్పుడు పల్లెల్లో పగలు ఎవరూ ఉండరు. చేతిలో డబ్బు ఆడేది కూలి వచ్చిన రోజే. ఈ సంగతులు పట్టికలో మీరే రాయాలి.

మూడు. ఒకే పేరు ఊళ్ళు. మన వైపు పాలెం, కండ్రిగ అనే పేర్లు ఎన్ని ఉన్నాయో! పేరు ఒక్కటే ఇస్తే కంప్యూటరు ఎక్కడో దూరాన చుక్క పెడుతుంది. మండలం పేరు, పిన్ కోడు కూడా ఇవ్వండి. చుక్క సరిగ్గా పడిందో లేదో చూడండి.

నాలుగు. ఆడమనిషి భద్రత. చివరి బస్సు ఎన్ని గంటలకు? చీకటి పడితే ఆ దారి మంచిదేనా? సారా కొట్టు ముందు నుంచి పోవాలా? దగ్గర దారి కదా అని కంప్యూటరు చూపిస్తుంది. ఆ దారిన నడిచేది మీరు. మీకు ఇష్టం లేని దారిని వద్దు అనే హక్కు మీకు ఉంది.

ఇంకో జాగ్రత్త. కొనే వాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు, బాకీలు పటంలో అందరికీ కనబడేలా పెట్టకండి. అవి మీ పుస్తకంలోనే ఉండాలి.

కంపెనీ గీత గీస్తే

మీలో కొందరు కంపెనీ సరుకు అమ్ముతారు. అప్పుడు గీత గీసేది ఎక్కడో ఆఫీసులో కూర్చున్న మనిషి. ఆయన స్వర్ణముఖి దాటి ఉండడు. కాబట్టి ఒప్పుకొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

నా ఊళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఇస్తారా?
ఆ ఊళ్ళలో ఇంకెవరికైనా ఇదే సరుకు ఇచ్చారా?
నెలకు ఇంత అమ్మాలి అని చెబుతున్నారు. అది ఏ లెక్కన చెబుతున్నారు?
అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారా?
నేను కష్టపడి పెంచిన ఊరిని ఇంకొకరికి ఇచ్చేటట్టయితే ఎన్ని రోజులు ముందు చెబుతారు?

కాగితం మీకు చదివి వినిపిస్తామంటారు. వద్దనండి. చేతికి తీసుకొని మీరే చదవండి. అర్థం కాని మాట ఉంటే వేలిముద్ర వేయకండి, సంతకం పెట్టకండి. రెండు రోజులు గడువు అడగండి. సంఘంలో చదివించుకోండి.

రాసుకున్న మాట నిలుస్తుంది

1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టును మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. ఆ ఆడవాళ్ళే తర్వాత రోజుకు ఒక రూపాయి దాచి పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టారు. అక్షరం, పోరాటం, పొదుపు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇప్పుడు మన చేతిలో అక్షరం ఉంది, పొదుపు ఉంది. వ్యాపారాన్ని కూడా అదే ఐక్యతతో చేయాలి.

అందుకే పంచుకున్న ఏరియాలను తీర్మానం పుస్తకంలో రాయండి. ఈ అయిదు మాటలు ఉండాలి.

1. ఎవరికి ఏ ఊళ్ళు.
2. ఏ ఊరికి ఏ రోజు.
3. ఆటో ఖర్చు ఎవరిది.
4. ఒకరికి జబ్బు చేస్తే, కాన్పు అయితే ఆ ఊళ్ళు ఎవరు చూస్తారు. తిరిగి వచ్చాక ఆమె ఊళ్ళు ఆమెకే ఇవ్వాలి.
5. మళ్ళీ ఎప్పుడు సరిచూస్తారు.

కింద అందరూ సంతకాలు పెట్టండి. "అది నీ ఊరని యాడ రాసి ఉండాది?" అని ఎవరైనా అడిగితే పుస్తకం తీసి చూపించవచ్చు.

ఇంటికి పోయాక చేయండి

మీరు అమ్మకానికి పోయే ఊళ్ళ పేర్లు రాయండి. ఒక్కో ఊరి ఎదురుగా ఇళ్ళ సంఖ్య రాయండి. పోను రాను ఎంతసేపు పడుతుందో రాయండి. ఖర్చు ఎంతో రాయండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ సంఘంలో ఏ ఊరికి ఇద్దరు పోతున్నారు? ఏ ఊరికి ఎవరూ పోవడం లేదు? అందరికన్నా కష్టమైన దారి ఎవరికి పడింది? ఆమెకు మిగతావాళ్ళు ఏం సాయం చేయాలి?

వచ్చే మీటింగుకు ఆ కాగితాలతో పాటు ఒక డబ్బా ముగ్గు పిండి, గుప్పెడు చింత గింజలు తెచ్చుకోండి. అందరం కలిసి మన ఊళ్ళ పటం గీద్దాం.